కనుమనాటి మాంసపు లెక్క

సంక్రాంతి పండుగ దినములలో మూడవది కనుమ. భోగినాడును సంక్రాంతినాడును మాంసము ముట్టని కుటుంబములు కోస్తా జిల్లాలలో అనేకములు కలవు. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజించిన పిదప ఆ యిండ్లలో గారెలును మాంసపు కూరయు వండుదురు. కొందరు ఈ వంటను ముక్కనుమనాటికి ఉంచుకొందురు. తెలంగాణలో ఇట్టి సందడి దసరా పండుగకు కనబడును. పండుగ ఏదియైనను, ఆనాడు తెల్లవారుజామున మాంసపు దుకాణముల ముందు నిలుచు జనుల వరుస మాత్రము ఒక్క తీరుగనే యుండును. చలిలో గంటసేపు నిలిచి, తీరా తన వంతు వచ్చునప్పటికి చాలమంది తడబడుదురు. దుకాణదారు అడుగు ప్రశ్న చాల చిన్నది: "ఎంత కావలెనండీ?"

ఈ ప్రశ్నకు పలువురు పలువిధముల సమాధానము చెప్పుదురు. నిరుడు కొన్నంతయే కొనువారు కొందరు. ముందు నిలిచినవాడు ఎంత కొనెనో చూచి, అతనికి తీసిపోకుండ కొనువారు మరికొందరు. జేబులోని సొమ్మును బట్టి కొనువారే ఎక్కువమంది, అందులో తప్పులేదు. కాని యింటిలో ఎందరు తినుదురో, ఎంత తినుదురో, కొన్న మాంసములో ఎంత భాగము విస్తరివరకు చేరునో ఆలోచించి చెప్పువారు అరుదు. కొన్నది ఎక్కువైనచో, గిన్నెలో మిగిలిన కూర మరునాడు కంటికి కనబడును. తక్కువైనచో కలుగు నష్టము మాత్రము కొన్నవానికి కనబడకయే పోవచ్చును. అది యెట్లో ఒక యింటి ఉదాహరణము వలన తెలియగలదు.

గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో కనుమనాటికి పదునైదుగురు కూడు ఇల్లు ఒకటి యున్నదనుకొనవలెను. తాతయ్య, నాయనమ్మ, వారి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పండుగకు వచ్చిన కూతురు, అల్లుడు, కళాశాలలో చదువు మనుమడు ఒకడు, ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు ఒకతె, పది సంవత్సరముల లోపు పిల్లలు నలుగురు, వీరుగాక తాతయ్యగారి అక్కగారు. ఆమె మాంసము తినదు.

నిరుడు పెద్దకొడుకు కిలోన్నర మాంసము తెచ్చెను. మొదటి పంక్తిలో తాతయ్య, కొడుకులు, అల్లుడు, మనుమడు, నలుగురు పిల్లలు కూర్చుండిరి. అందరును తృప్తిగా తినిరి. "ఈసారి కూర చక్కగా కుదిరినది" అని మెచ్చుకొని చేతులు కడుగుకొనిరి. రెండవ పంక్తిలో నాయనమ్మ, కోడళ్లు, కూతురు కూర్చుండిరి. గారెలు అందించుచు తిరిగిన మనుమరాలు కూడ వారితోనే కూర్చుండెను. అప్పటికి గిన్నెలో మిగిలినవి నాలుగు ఎముకలు, కొన్ని ముక్కలు, పులుసును. పెద్దకోడలు ఆ ముక్కలను ఆడుబిడ్డ విస్తరిలో వేసి, తాను పులుసుతో అన్నము కలుపుకొనెను. ఎవ్వరును ఏమియు అనలేదు. ఆ మధ్యాహ్నము పెద్దకొడుకును అడిగినచో, మాంసము సరిపోయినదనియే చెప్పియుండును.

ఈ యేడు సంక్రాంతి రాత్రి మరల ఆ మాట వచ్చెను. "రెండు కిలోలు చాలును" అని పెద్దకొడుకు అనెను. "పండుగపూట లెక్కలేమిటి? నాలుగు తెమ్ము" అని చిన్నకొడుకు అనెను. రెంటికిని ఆధారమేమియు లేదు. మనుమరాలు మాత్రము కాగితమును పెన్సిలును తెచ్చుకొని, "నాన్నా! నిరుడు ఎందరికని తెచ్చితివి?" అని అడిగెను. ఆయన వ్రేళ్లు మడిచి లెక్కించెను. తనతో కూర్చున్నవారు మాత్రమే ఆ వ్రేళ్లకు వచ్చిరి.

ఇట్టి లెక్కను దుకాణమునుండి మొదలు పెట్టరాదు. విస్తరినుండి మొదలు పెట్టవలెను. విస్తరిలో పడవలసినది ఎంత? అది ఉడుకక ముందు ఎంత యుండవలెను? దానికి ఎముక కలిసినచో ఎంత తూగవలెను? ఇట్లు వెనుకకు నడచుచు పోయినచో చివరకు త్రాసు దగ్గరకు చేరవచ్చును. ముందునుండి వెనుకకు ఊహించుట కష్టము. వెనుకనుండి ముందుకు లెక్కించుట కూడికలును భాగహారములును వచ్చిన పిల్లలకు కూడ సాధ్యమే.

మొదటి మెట్టు తినువారి సంఖ్య. పదునైదుగురున్నారు గదా యని పదునైదు వాటాలు వేసినచో లెక్క చెడును. తాతయ్యగారి అక్కగారికి మాంసపు వాటా అక్కరలేదు. ఆమెకు పప్పును, గుమ్మడికాయ పులుసును వేరుగ వండుదురు. పది సంవత్సరముల లోపు పిల్లలకు పెద్దవారి వాటాలో సగము చాలును. పండ్లు సడలిన తాతయ్యకును నాయనమ్మకును అంతే. కాని వారికి మెత్తని ముక్కలు ఏరి పెట్టవలెను. ఎనిమిదవ తరగతి పిల్లను ఏ కోవలో వేయవలెననునది ఆ యింటిలో కొంత వాదమునకు కారణమయ్యెను. ఎదుగు వయస్సులోని పిల్లలు పెద్దవారితో సమానముగనో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగనో తినుదురు. కనుక ఆ పిల్ల తన పేరున నిండు వాటాయే వ్రాసికొనెను, అది న్యాయమే. ఈ విధముగ నిండు వాటాలు ఎనిమిది: కొడుకులు, కోడళ్లు, కూతురు, అల్లుడు, మనుమడు, మనుమరాలు. పిల్లలు నలుగురికి రెండు. వృద్ధులిద్దరికి ఒకటి. మొత్తము 11 వాటాలు.

రెండవ మెట్టు వాటా పరిమాణము. పండుగనాడు విస్తరిలో మాంసము ఒక్కటియే యుండదు. గారెలు, పులిహోర, పప్పు, పెరుగు అన్నియు నుండును. అట్టి భోజనములో ఎముక తీసివేసిన వండిన మాంసము 100 గ్రాములు పెద్దవారికి చక్కగా సరిపోవును. ఇది పిసినారితనపు కొలత కాదు. వండిన మాంసము 100 గ్రాములలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉండును. 60 కిలోల బరువుగల పెద్దవారికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణములవలన తెలియుచున్నది. ఈ ప్రమాణములను నిర్ణయించుటలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ముఖ్యపాత్ర వహించినది. అనగా ఆ 100 గ్రాముల మాంసము ఒక దినపు అవసరములో సగమును తీర్చును. తక్కినది పప్పు, గారెలు, పెరుగు తీర్చును. మాంసము తప్ప మరియొకటి లేని భోజనమైనచో వాటాను పెంచవలెను. పొలము పనినుండి వచ్చినవారికిని అంతే.

మూడవ మెట్టునందే సాధారణముగ అందరును పొరబడుదురు. పచ్చి మాంసము వండినపుడు తగ్గును. నిండుగ కనబడిన గిన్నె ఉడికిన పిదప సగమునకు దిగినట్లు తోచును. కొలత తెలియనివారు దుకాణదారు మోసము చేసెనని నిందింతురు. నిజమునకు అందులో మోసమేమియు లేదు. కొవ్వు తీసిన పచ్చి కండలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. మాంసకృత్తులు సుమారు ఐదవ వంతు మాత్రమే. కండ యనునది సన్నని నారల కట్ట. ఆ నారలలోపల నీరు ఇమిడియుండును. నారలను చుట్టి కట్టియుంచు పొరలలో కొల్లాజెన్ అను గట్టి పదార్థ ముండును. వేడి తగిలినపుడు నారలలోని మాంసకృత్తులు ముడుచుకొనుట మొదలు పెట్టును. వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటి పైకి పోవుకొలది, చుట్టియున్న కొల్లాజెన్ పొరలు కూడ బిగుసుకొనును. తడిబట్టను మెలిపెట్టినట్లు అవి లోపలి నీటిని వెలుపలికి పిండివేయును. నూనెలో వేసి మూతపెట్టిన మాంసము, చుక్క నీరు పోయకున్నను, కొంతసేపటికి తన నీటిలో తానే ఉడుకుచుండుట వంట చేయువారందరును చూచినదే. ఆ నీరు మాంసములోనుండి వచ్చినదే.

మాంసము నీటిలో మునిగియుండియు నీటిని కోల్పోవుట వింతగా తోచును. నిండుగ నీరున్న గిన్నెలో ఉడుకు ముక్క నీటిని పీల్చుకొని ఉబ్బవలెను గదా! బియ్యమట్లే ఉబ్బును, పప్పట్లే ఉబ్బును. అవి ఎండిన గింజలు కనుక నీటికై ఎదురుచూచుచుండును. మాంసము అట్లు కాదు. అది ముందే నీటితో నిండియున్నది. వేడి దానిని పిండును. కాబట్టి అన్నమునకు చేయు లెక్కను మాంసమునకు తలక్రిందులుగ చేయవలెను. ఒక గిద్ద బియ్యము ఉడికినచో అంతకు మించిన అన్నమగును. ఒక కిలో కండ ఉడికినచో కిలోకంటె తక్కువయగును.

ఎంత తక్కువ? అది జంతువు వయస్సును, మంటను, వండిన సమయమును బట్టి మారును. కూర వండునపుడు మూడవ వంతు పోవునని లెక్కించినచో ఇంటి వంటకు సరిపోవును. 150 గ్రాముల పచ్చి కండ ఉడికి 100 గ్రాములగును. వేపుడులో ఇంకను ఎక్కువ పోవును. ఏలయనగా ముందు ఉడికించి, పిదప మూకుడులో ఆ నీరంతయు ఇగురువరకు వేపుదురు. 100 గ్రాముల వేపుడు కావలెనన్నచో సుమారు 165 గ్రాముల పచ్చి కండ వేయవలెను; అనగా ఐదు వంతులు వేసినచో మూడు వంతులు మిగులును. నమ్మకము లేనివారు వండక ముందొకసారి, వండిన పిదప ఒకసారి తూచి చూచుకొనవచ్చును. కూరలో ఒక లాభమున్నది. ముక్కలనుండి పోయిన నీరు పులుసులోనే నిలిచియుండును. దానితోపాటు రుచియు, కొంత సారమును అందులోనే యుండును. పులుసు అన్నములో కలియును గాని పారబోయబడదు. వేపుడులో ఆ నీరు ఆవిరియై యింటి పైకప్పును చేరును.

ఇంకొక సంగతి. నీరు పోయిన మాంసము గట్టిపడవలెను. కాని చాలసేపు ఉడికిన మాంసము మెత్తబడుచున్నది. దానికి కారణము కొల్లాజెన్. అది మొదట ముడుచుకొని బిగియును. తగినంత నీటిలో మరిగించుచు గంట, రెండు గంటలు ఉడికించినచో క్రమముగ కరగి జిలాటిన్ అను జిగురుపదార్థమగును. చల్లారిన మాంసపు పులుసు పేరుకొనుటలో ఈ జిలాటిన్‌కు పెద్ద పాలు కలదు. మెడ, కాలి పిక్క మొదలగు, జంతువు ఎడతెగక కదలించు భాగములలో కొల్లాజెన్ మెండు. అవి త్వరగా ఉడుకవు; ఉడికిన పిదప మాత్రము పులుసుకు చిక్కదనము నిచ్చును. ప్రెషర్ కుక్కరులో వేడి సుమారు 120 డిగ్రీల వరకు పోవును గనుక అందులో ఈ మార్పు త్వరగా జరుగును. తాతయ్యకు మెత్తని ముక్కలు కావలెనన్నచో లేత మాంసమునకై వెదకుటకంటె చాలినంతసేపు ఉడికించుట మేలు.

నాలుగవ మెట్టు ఎముక. దుకాణములో సాధారణముగ మాంసమును ఎముకతోనే కొట్టి తూచుదురు. మేకయైనను గొఱ్ఱెయైనను, అన్ని భాగములును కలిపి కొన్నపుడు నాలుగవ వంతు ఎముక యనుకొనవచ్చును. ఇదియు భాగమును బట్టి మారును. తొడలో కండ ఎక్కువ, ఎముక తక్కువ. ప్రక్కటెముకలలోను మెడలోను ఎముక ఎక్కువ. అంతమాత్రమున ప్రక్కటెముకలు కొనరాదని కాదు. ఎముకలోని మూలుగ పులుసునకు రుచి నిచ్చును. మూలుగ ఎముకకై పిల్లలు తగవులాడుకొనుట ఏ యింటనైనను కలదు. కాని వాటాలు లెక్కించునపుడు ఎముకను కడుపు నింపు వస్తువుగా లెక్కింపరాదు. 150 గ్రాముల కండ కావలెనన్నచో ఎముకతో కలిపి 200 గ్రాములు కొనవలెను.

కాగా, విస్తరిలో 100, గిన్నెలో 150, త్రాసులో 200. ఎముకతోకూడిన మాంసము కిలో ఐదుగురు పెద్దలకు వచ్చునని దీని అర్థము. పదకొండు వాటాలకు 2 కిలోల 200 గ్రాములు.

మనుమరాలు ఈ అంకె చెప్పగా నాయనమ్మ నవ్వెను. "మా అత్తగారు వీశె మాంసము ఏడుగురికి అనెడివారు" అని ఆమె చెప్పెను. దేశములో మెట్రిక్ తూనికలు 1958 నుండి అంచెలంచెలుగ అమలులోనికి వచ్చెను. అంతకుముందు ఆంధ్రదేశమున వీశెలును పలములును వాడుకలో నుండెను. వీశె యనగా నలుబది పలములు, లేక నూటయిరువది తులములు. ఇప్పటి కొలతలో సుమారు 1 కిలో 400 గ్రాములు. దానిని ఏడుచేత భాగించినచో 200 గ్రాములు వచ్చును. పిల్ల రెండుసార్లు భాగించి చూచెను. కాగితముపై నాలుగు మెట్లు దిగి తాను చేరిన చోటికే, కాగితము లేకయే, ఏండ్ల తరబడి గిన్నెలను గమనించుచు ఆ ముత్తవ్వ చేరియుండెను.

అప్పుడామె నిరుటి లెక్కను కూడ వేసెను. మొదటి పంక్తిలో కొడుకులిద్దరు, అల్లుడు, మనుమడు కలిసి నాలుగు వాటాలు, తాతయ్యకు అర, పిల్లలకు రెండు. మొత్తము ఆరున్నర. ఆరున్నర వాటాలకు 1 కిలో 300 గ్రాములు కావలెను. తెచ్చినది కిలోన్నర. రెండవ పంక్తికి మిగిలినది 200 గ్రాములు. అనగా ఒక్క వాటా. ఆ ఒక్క వాటా కొరకు కూర్చున్నవారు ఐదుగురు; వారికి రావలసినవి నాలుగున్నర వాటాలు. పెద్దకొడుకు చేసిన లెక్కలో భాగహారపు తప్పులేదు. తన పంక్తికి తెచ్చినది గ్రాములతో సహా సరిపోయినది. వండినవారు లెక్కలోనికి రాలేదు. ఆయన ఆ కాగితమును చాలసేపు చూచి, "నిరుడు మీరెవ్వరును చెప్పలేదేమి?" అని అడిగెను. పెద్దకోడలు గారెల పిండి రుబ్బుటకు లేచిపోయెను.

పెద్దవారికొక వాటా, పిల్లలకు సగము అను పద్ధతిని ఒక ప్రభుత్వమే ఒకప్పుడు తన దేశమంతటికిని అమలు జరిపినది. అది ఇంగ్లండు కథ. ఆ దేశమున ఆదివారము మధ్యాహ్నము కుటుంబమంతయు కూడి కాల్చిన మాంసము తినుట పాత ఆచారము. వారు మాంసమును ముక్కలుగా కొట్టింపరు. ఎముకతోనో, ఎముక తీసియో, పెద్ద ఖండమునే పొయ్యిపెట్టెలో కాల్చి, భోజనపు బల్లయొద్ద పలుచని పొరలుగా కోసి వడ్డింతురు. మిగిలినది సోమవారమున చల్లగనే తినుదురు. ఎంత ఖండము కొనవలెనను ప్రశ్న అచటి గృహిణికిని కలదు. మెట్లు కూడ ఇవియే. ఎముకకు కొంత, మంటకు కొంత తీసివేసి లెక్క చూచుకొనవలసినదే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940 మార్చిలో, బ్రిటనులో మాంసమునకు రేషను విధించిరి. చక్కెర వలె దానిని తూకమును బట్టి పంచలేదు. వెలను బట్టి పంచిరి. పెద్దవారికి వారమునకు 1 షిల్లింగు 10 పెన్నీల మాంసము. ఆరేండ్ల లోపు పిల్లలకు 11 పెన్నీలది. షిల్లింగునకు పన్నెండు పెన్నీలు గనుక ఇది సరిగా సగము. మరుసటి యేడు ఆ మొత్తము ఇంకను తగ్గినది.

తూకమునకు బదులు వెలను ఏల ఎన్నుకొనిరో ఎముక లెక్క తెలిసినవారికి సులభముగ బోధపడును. అందరికిని అర్ధకిలో యని పంచినచో, ఒకరికి తొడ కండయు, మరియొకరికి మెడ ఎముకలును వచ్చును. తూకము సమానమైనను తిండి సమానము కాదు. వెలను బట్టి పంచినచో, మంచి ఖండము కోరినవారికి కొంచెమే వచ్చును. చవుక భాగమును కొని చాలసేపు ఉడికించుకొను ఓపిక గలవారికి ఎక్కువ వచ్చును. ఈ రేషను 1954 జూలై వరకు సాగినది. పదునాలుగేండ్లు ఆ దేశపు గృహిణులు గ్రాము గ్రామునకు లెక్క చూచుకొనిరి.

తూకము సమానమైనంతమాత్రమున వాటా సమానము కాదను సంగతిని మన పల్లెలు వేరొక విధముగ సాధించినవి. పండుగనాడు కొందరు కలిసి ఒక మేకపోతునో పొట్టేలునో కొని, కోయించి, పోగులు వేసికొందురు. త్రాసు లేకున్నను అచట తగవు రాదు. ప్రతి పోగులోను తొడ ముక్క కొంచెము, ప్రక్కటెముక కొంచెము, మెడ కొంచెము, కార్జము చిన్నముక్క ఒకటి ఉండునట్లు చూచి పంచుదురు. ఎముకయు కండయు అన్ని పోగులకును ఒకే పాళ్లలో పడును. 20 కిలోలు తూగు మేకపోతును కోసినచో తల, కాళ్లు, చర్మము, ప్రేగులు పోగా సుమారు 9 కిలోల మాంసము వచ్చును. తొమ్మిది పోగులు వేసినచో పోగుకొక కిలో. అనగా ఐదుగురు పెద్దలకు ఒక పోగు. వెనుకకు నడుచు లెక్క ఇచట త్రాసును కూడ దాటి మందవరకు పోయినది. గొఱ్ఱెల మందలకు తెలుగునాట కొరత లేదు. 2019 నాటి పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు దేశములో తెలంగాణ మొదటి స్థానమును, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానమును పొందినవి. నాటుకోడిని వండు ఇండ్లలోను ఈ పద్ధతియే పనికివచ్చును. ప్రాణముతో తూచిన కోడిలో ఈకలు, ప్రేగులు పోగా మూడింట రెండు వంతులు మిగులునని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఉదాహరణముగ తీసికొన్న యింటిలో ఇంకొక చిక్కు మిగిలియుండెను. అల్లునికి వేపుడన్న ఇష్టము. వేపుడు పెట్టినచో అల్లునికొక్కనికే పెట్టుట సాధ్యము కాదు; పిల్లలు ఊరకుందురా? అందరికిని తలా కొంచెము వచ్చునట్లు 300 గ్రాముల వేపుడు చేయ నిశ్చయించిరి. ఆ వేపుడునకు 500 గ్రాముల పచ్చి కండ కావలెను. మొత్తము 1100 గ్రాములలో తక్కిన 800 గ్రాములు కూర. దానికి 1200 గ్రాముల పచ్చి కండ. రెండును కలిపి 1700 గ్రాములు. దీనికి ఎముక చేర్చినచో సుమారు 2 కిలోల 270 గ్రాములు. వేపుడు వలన పెరిగినది 70 గ్రాములే. వేపుడునకు కావలసినది తొడనుండి తీయించి, వచ్చిన ఎముకలను చారునకు ఉంచుకొనిన ఏమియు వ్యర్థము కాదు.

పిలువని చుట్టము రాని పండుగ లేదు గనుక, ఒక పెద్దవాటాకు సరిపడునంత కలిపి 2 కిలోలన్నర అని నిర్ణయించిరి. పెద్దకొడుకు అనిన రెండునకును, చిన్నకొడుకు అనిన నాలుగునకును నడుమ ఈ అంకె నిలిచెను. కాని అది బేరము తెగి వచ్చిన అంకె కాదు. నాలుగు కిలోలు తెచ్చినచో ఏమగునో కూడ నాయనమ్మ చెప్పెను. శీతలయంత్రములు లేని రోజులలో మిగిలిన పచ్చి మాంసమును సన్నగా చీల్చి, ఉప్పును పసుపును పట్టించి, దండెముపై ఎండబెట్టి ఉప్పుకండము చేసెడివారు. కిలో కండ ఎండినచో సుమారు 300 గ్రాములగును, పోయినదంతయు నీరే. వండిన కూర మిగిలినచో అట్టి ఉపాయము లేదు. వండిన మాంసమును రెండు గంటలకు మించి వెలుపల ఉంచినచో అందులో సూక్ష్మజీవులు వృద్ధి చెందును. చల్లని చోట దాచుటయో, మిగులకుండ వండుటయో చేయవలెను.

తెల్లవారి పెద్దకొడుకు దుకాణమునకు పోవునపుడు మనుమరాలు కూడ పోయెను. కొనువారు చూడవలసినవి అచట రెండు మూడు కలవు. మాంసము వేయక ముందు త్రాసు సున్న చూపుచున్నదా? త్రాసుపై తూనికల కొలతల శాఖవారి ముద్ర యున్నదా? కొవ్వును, పొరలను తీసివేయించుట తూచక ముందా, తూచిన పిదపనా? ఈ మూడవదానిని చాలమంది అడుగరు. తూచిన పిదప తీసివేసిన ప్రతి ముక్కయు వెల చెల్లించి పారవేసినదే. ఆనాటి దుకాణదారు సున్న చూపి, ముందుగనే పొరలు తీసి, తొడనుండి కండ వేరుచేసి యిచ్చెను.

మధ్యాహ్నము పంక్తులు వేయు వేళకు అల్లుని తమ్ముడు దిగెను. అతడు వచ్చునని ఎవ్వరికిని తెలియదు. ఈసారి చిన్నకోడలు వడ్డనకు ముందే కూరను రెండు గిన్నెలలో వేరుచేసి, రెండవ పంక్తి గిన్నెపై మూతపెట్టి అటుకపై ఉంచెను. మొదటి పంక్తిలో చిన్నకొడుకు మరికొన్ని ముక్కలు వేయుమనగా, "పులుసు వేసెదను బావగారూ" అని పెద్దకోడలు నవ్వుచు గరిటె ముంచెను. మరదియైనను ఆమె అతనిని అట్లే పిలుచుట పుట్టింటి అలవాటు. రెండవ పంక్తి కూర్చుండునప్పటికి మూత తీసిన గిన్నెలో వాటాలన్నియు ఉండెను. నాయనమ్మకు మెత్తని ముక్కలు ఏరిపెట్టిరి. పెద్దకోడలు విస్తరిలో మూలుగ ఎముక ఒకటి పడెను.

భోజనములైన పిదప మనుమరాలు ఆ కాగితము క్రింద వ్రాసెను: తినినవారు పదునైదుగురు, వాటాలు పన్నెండు, కొన్నది రెండున్నర, మిగిలినది రెండు గరిటెల పులుసు. ఆ కాగితమును క్యాలెండరు వెనుక దోపి, ముక్కనుమనాటికి ఎందరుందురో అడుగుటకు వంటయింటిలోనికి పోయెను.